బందరు ఓడల మీద ఓ కెప్టెన్ రాసిన పుస్తకం: 200 ఏళ్లు ఎవరూ ఎందుకు చదవలేదు?

ఈ ఎపిసోడ్ కాస్త పొడుగు, ముందే చెప్పేస్తున్నా. బస్సులోనో ట్రైన్‌లోనో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. అందులోనూ గుడివాడ మీదుగా వెళ్లే ట్రైన్‌లో ఉంటే మరీ మంచిది, ఎందుకో కాసేపట్లో చెప్తా.

గూగుల్‌లో థామస్ బౌరీ అని కొట్టండి. ఓడ కెప్టెన్, 17వ శతాబ్దం, ఇంగ్లీషువాడు అని వస్తుంది. దాని వెంటే వచ్చేది భంగు కథ. బెంగాల్‌లో ఈయన, ఇంకో ఎనిమిది పది మంది ఇంగ్లీషువాళ్లు బజారు నుంచి భంగు తెప్పించుకుని, పరువు పోకుండా తలుపులు వేసుకుని మరీ తాగారు. ఒకాయన నేల మీద కూర్చుని ఏడుపు. ఇంకొకాయన భయంతో పెద్ద జాడీలో తల దూర్చి గంటల తరబడి అలాగే ఉండిపోయాడు. మరొకడు చెక్క స్తంభంతో కొట్లాటకు దిగి వేళ్ల చర్మం ఊడగొట్టుకున్నాడు. మన కెప్టెన్ గారికి చెమటలు పట్టాయంతే. ఈ ఒక్క పేజీ మీద ఇంగ్లీషులో బోలెడన్ని ఆర్టికల్స్ ఉన్నాయి. నవ్వొచ్చే కథే, కాదనను.

కానీ అదే పుస్తకంలో బందరు ఉంది. నరసాపురం ఉంది. నిజాంపట్నం ఉంది. 350 ఏళ్ల కింద మన తీరంలో ఏ పడవ ఎలా కట్టేవాళ్లు, పెద్ద ఓడలు ఎక్కడ తయారయ్యేవి, వాటికి ఇనుము, కలప, మోకులు ఎలాంటివి వాడేవాళ్లు అని ఓ సముద్రం మనిషి కళ్లతో చూసి రాసిన పేజీలున్నాయి. ఆ పుస్తకాన్ని ఆయన పూర్తి చేయలేదు, అచ్చు వేయించలేదు. కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, లోకల్ మెషీన్‌లో కమిట్ కొట్టి, పుష్ చేయకుండా ల్యాప్‌టాప్ మూసేసినట్టు. అది జనం చేతికొచ్చింది 1905లో.

ముందు ఆ కాలపు బందరు సంగతి. బౌరీ మద్రాసుకి, అంటే సెయింట్ జార్జి కోటకి వచ్చింది 1669లో. మచిలీపట్నం అప్పుడు గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. బందరు అన్న మాటే పారశీకం, రేవు అని అర్థం. డచ్ వాళ్లు 1605లోనే వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ వాళ్లు 1611లో గ్లోబ్ అనే ఓడలో ముందు నిజాంపట్నంలో దిగి, తర్వాత బందరు వచ్చారు. గమనించండి, మద్రాసు అప్పటికి పుట్టనేలేదు. కోట కట్టడానికి ఇంకా 28 ఏళ్లు ఉంది. తూర్పు తీరంలో ఇంగ్లీషు వాళ్ల వ్యాపారం మొదలైంది మన దగ్గరే. కలంకారీ బట్టలు, సన్న నూలు బట్టలు ఇక్కణ్ణుంచి పర్షియాకీ, బర్మాకీ, సయాంకీ, జావాకీ వెళ్లేవి.

మరి అంత పెద్ద రేవులో పెద్ద ఓడ ఒడ్డుకి వచ్చేదా? వచ్చేది కాదు. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు వల్ల సముద్రం చాలా దూరం దాకా లోతు ఉండదు. మంగినపూడి బీచ్‌కి వెళ్లినవాళ్లకి తెలుసు, ఎంత లోపలికి నడిచినా నీళ్లు నడుము దాటవు. కాబట్టి ఓడ ఎక్కడో మైళ్ల దూరంలో లంగరు వేసి నిలబడేది. దక్షిణాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన దివి మొన కొంత అడ్డు. అడుగున మెత్తటి బురద కాబట్టి ఓడ తగిలినా ముక్కలవదు. సరుకంతా చిన్న పడవల్లో రావాలి, చిన్న పడవల్లో పోవాలి. ఊరి చుట్టూ చిత్తడి, దాని మీద పొడవాటి చెక్క వంతెన. బౌరీ ఆ వంతెన గురించి కూడా రాశాడు.

ఇక్కడ ఆ చిన్న పడవల దగ్గర ఆగుదాం. నాకు ఈ పుస్తకంలో బాగా నచ్చిన సంగతుల్లో అదొకటి.

కోరమాండల్ తీరం పొడుగునా, ముఖ్యంగా మద్రాసు దగ్గర, కెరటాలు ఒడ్డుకి ముందే విరిగి పడతాయి. ఒకటి కాదు, వరసగా రెండు మూడు. ఇంగ్లీషు ఓడలో ఉండే గట్టి పడవని, ఇనప మేకులు కొట్టి బిగించినదాన్ని, ఆ కెరటాల మధ్యకి తెస్తే ఏమవుతుంది? కింద ఇసక గుద్దుతుంది, పైన నీళ్లు గుద్దుతాయి, మధ్యలో పడవ పగులుతుంది. మనవాళ్ల పడవలో మేకే లేదు. పలచటి వెడల్పాటి పలకల్ని పక్కపక్కన పెట్టి, అంచుల్లో బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. బట్ట కుట్టినట్టే. కుట్టు కింద గడ్డి పేర్చి నీళ్లు రాకుండా చేస్తారు. అడుగు చదును. యూరోపియన్లు దాన్ని మసూలా పడవ అన్నారు. ఆ పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందని ఓ వాదన ఉంది, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

బీటెక్‌లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివినవాళ్లు ఒక్క నిమిషం గుర్తు చేసుకోండి. దెబ్బ తగిలినప్పుడు బిగుసుకుపోయిన వస్తువు ఆ శక్తినంతా ఒక్కచోట తీసుకుని విరుగుతుంది. వంగే వస్తువు దాన్ని ఒళ్లంతా పంచుకుంటుంది. కుట్టు పడవ అల తగిలినప్పుడు కాస్త నొక్కుకుపోయి, మళ్లీ తేరుకుంటుంది. లోపలికి నీళ్లు వస్తాయి, నిజమే. తోడి పారబోయడానికే ఒక మనిషి ఉంటాడు. తాడు తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు. చూడటానికి నాటుగా ఉందని నవ్విన యూరోపియన్లు ఉన్నారు. కానీ వాళ్ల గవర్నర్లు సైతం ఓడ దిగి ఒడ్డుకి చేరాలంటే అదే ఎక్కాలి, అదే తడుపు తడవాలి. బౌరీ మాత్రం నవ్వలేదు. ఎందుకలా కట్టారో చూసి రాశాడు. బొమ్మ కూడా వేశాడు. తెప్పల బొమ్మ కూడా ఉంది. ఆయన గొప్ప చిత్రకారుడేం కాదు, మనుషులంతా ఒకేలా ఉంటారు. అయినా పడవ పడవలానే ఉంటుంది.

ఇప్పుడు గుడివాడ. విజయవాడ నుంచి వచ్చే రైలు లైను గుడివాడ జంక్షన్‌లో చీలుతుంది. ఒకటి బందరు వెళ్తుంది, అక్కడితో ఆఖరు. ఇంకోటి భీమవరం మీదుగా పోయి, అందులో ఓ కొమ్మ నరసాపురంలో ఆగుతుంది. రెండు చివర్లూ పాత రేవులే. 17వ శతాబ్దంలో ఈ రెండింటినీ కలిపింది సముద్రం. బందరు అమ్మకానికి, నరసాపురం తయారీకి. ఆఫీసు ఒక ఊళ్లో, ఫ్యాక్టరీ ఇంకో ఊళ్లో అనుకోండి.

నరసాపురం గురించి బౌరీ రాసింది చదివినప్పుడు నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి చదివాను. ఇంగ్లీషు వర్తకులు, ఇంకా వేరేవాళ్లు ఏటా అక్కడ ఓడలు కట్టించుకునేవాళ్లు. మంచి కలప సమృద్ధిగా దొరికేది. ఈ తీరం మొత్తంలో మేలైన ఇనుము అక్కడే. పెద్ద మేకులు, బోల్టులు, లంగర్లు అన్నీ స్థానిక కమ్మరులే చేసేవాళ్లు. ఓడకి కావాల్సిన మోకులు పేనడంలో వాళ్లది ప్రత్యేకమైన పద్ధతి. చేయి తిరిగిన ఓడ మేస్త్రీలు చాలామంది ఉన్నారని, కట్టిన ఓడని నీళ్లలోకి దించే పనిలో ప్రపంచంలో తాను చూసిన ఎవరికీ వాళ్లు తీసిపోరని ఆయన అభిప్రాయం.

ఆ ఆఖరి మాటకి ఎంత విలువ ఇవ్వాలి? ఓడ కట్టడం ఒక ఎత్తు, దించడం ఒక ఎత్తు. వందల టన్నుల చెక్క నేల మీద ఉంది. దాన్ని ఏటవాలుగా జార్చి నీళ్లలోకి పంపాలి. ఒక పక్కకి ఒరిగిందా, అంతే సంగతులు. నడుము దగ్గర బరువు ఎక్కువైతే వెన్ను విరుగుతుంది. ఆటుపోట్ల లెక్క తెలియాలి. ఇదంతా క్రేన్లు లేని రోజుల మాట. ఒడ్డున నిలబడి చూసేవాడికి అదో తమాషా. అదే ఓడని నడపాల్సినవాడు చూస్తే వేరు, వాడి ప్రాణం దాని మీదే ఉంటుంది. కాబట్టి ఓడ కెప్టెన్ మెచ్చుకున్నాడంటే అది మర్యాద కోసం అన్న మాట కాదు.

కలప ఎక్కణ్ణుంచి వచ్చేది? పైన అడవుల్లో కొట్టిన టేకుని గోదావరిలో తెప్పలుగా కట్టి వదిలితే వశిష్ఠ పాయలో నరసాపురం దాకా నీళ్లే మోసుకొచ్చేవి. టేకు గొప్పతనం ఏంటంటే, దానిలోని నూనె వల్ల నీళ్లలో తొందరగా చివకదు, పురుగు తక్కువ. ఇంగ్లండులో ఓడలకి వాడే ఓక్ చెక్కలో ఉండే ఆమ్లం ఇనప మేకుల్ని తినేస్తుంది. టేకులో ఆ బాధ తక్కువ. నమ్మకం లేకపోతే ఓ ఉదాహరణ. హెచ్.ఎమ్.ఎస్. ట్రింకోమలీ అని బ్రిటిష్ యుద్ధనౌక ఉంది. 1817లో బొంబాయిలో టేకుతో కట్టారు. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇవాళ్టికీ నీళ్ల మీదే ఉంది, టికెట్ కొనుక్కుని ఎక్కొచ్చు. కట్టిన మేస్త్రీ పేరు జంషెట్‌జీ బొమన్‌జీ వాడియా.

ఆ పేరు మనసులో పెట్టుకోండి. మళ్లీ వస్తా.

మధ్యలో యుద్ధనౌకల మాట వచ్చింది కాబట్టి చిన్న వివరణ. బౌరీ కాలంలో మన సముద్రంలో సరుకు ఓడ వేరు, యుద్ధం ఓడ వేరు అని గట్టి గీత లేదు. కంపెనీ ఓడ అంటే కింద మిరియాలు, బట్టల మూటలు, పైన ఫిరంగులు. ఐరోపాలో రాజులు కొట్టుకుంటే ఇక్కడ వర్తకం ఓడలే యుద్ధనౌకలయ్యేవి. 1673లో అదే జరిగింది. మూడో ఇంగ్లీషు డచ్ యుద్ధం నడుస్తోంది. బందరు తీరంలో ఇంగ్లీషు కంపెనీ ఓడలు 10, డచ్ కంపెనీ ఓడలు 13 తలపడ్డాయి. డచ్ వాళ్లు గెలిచారు. బౌరీ ఈ దేశం వచ్చి అప్పటికి నాలుగేళ్లు. మన స్కూలు పుస్తకాల్లో పానిపట్టు మూడుసార్లు వస్తుంది, ఈ బందరు సముద్ర యుద్ధం నాకైతే ఒక్కసారీ కనపడలేదు. సిలబస్ తయారుచేసేవాళ్లు నేల మీదే నిలబడి చరిత్ర చూస్తారేమో అనిపిస్తుంది.

సరే, ఇక పుస్తకం కథ.

బౌరీ ఈ ప్రాంతంలో 19 ఏళ్లు తిరిగాడు. 1669 నుంచి 1679 దాకా చూసిన వాటిని ఒక రాతప్రతిగా రాసుకున్నాడు. పేరు ఆసియా అని పెట్టాడు. మద్రాసు, బందరు, గోల్కొండ, ఒడిశా, బెంగాల్, ఇప్పుడు మనం ఫుకెట్ అని టూరుకెళ్లే దీవి, మలయా తీరం, చివరికి సుమత్రాలోని అచే. ఆ అచే దగ్గరే రాత ఆగిపోయింది. ముగింపు లేదు. రచయిత పూర్తి పేరు కూడా లేదు, టి.బి. అని రెండక్షరాలు.

1688లో ఆయన మద్రాసు నుంచి ఇంటిదారి పట్టాడు. అంతకు ముందు ఏడాదే ఔరంగజేబు గోల్కొండని పడగొట్టాడు. బౌరీ వర్ణించిన బందరుని పోషించిన రాజ్యం ఆయన వెళ్లేసరికి లేదు. ఆ ప్రయాణంలో ఓడ మీద కూర్చుని తనకి గుర్తున్న మలయ్ మాటలన్నీ రాశాడు. అది నిఘంటువుగా 1701లో లండన్‌లో అచ్చయింది. ఇంగ్లీషులో మొదటి మలయ్ నిఘంటువు అదే. అంటే మనిషికి పుస్తకం పూర్తి చేయడం చేతకాక కాదు, అచ్చు వేయించే దారి తెలియకా కాదు. నిఘంటువుకి కొనేవాళ్లున్నారు, మలయా వెళ్లే ప్రతి వర్తకుడికీ అది పనికొస్తుంది. నరసాపురంలో మోకులు ఎలా పేనతారన్నది ఎవరు కొంటారు? ఇది నా ఊహే, ఆయన ఎక్కడా చెప్పలేదు. కానీ రీల్స్ చేసే ప్రతివాళ్లకీ ఈ బాధ తెలుసు. ఏది చూస్తారో అది ముందు ఎడిట్ అవుతుంది, మిగతాది ఫోల్డర్‌లో ఉంటుంది.

ఇంటికెళ్లాక వ్యాపారం, ఓడల్లో వాటాలు, ఉత్తరాలు. 1713లో చనిపోయాడు. ఆసియా కాగితాలు చేతులు మారుతూ మారుతూ ఎలియట్ హొవార్డ్ అనే ఆయన దగ్గరకి చేరాయి. అండమాన్‌లో చీఫ్ కమిషనర్‌గా చేసి రిటైరైన రిచర్డ్ కార్నాక్ టెంపుల్ వాటిని చదివి, టి.బి. అంటే థామస్ బౌరీ అని తేల్చి, 1905లో హక్లూట్ సొసైటీ తరఫున అచ్చు వేయించాడు. పాత యాత్రికుల రాతల్ని వెలికితీయడమే ఆ సొసైటీ పని. 226 ఏళ్లు! కథ ఇక్కడితో అయిపోలేదు. 1913లో ఇంగ్లండులో క్లీవ్ ప్రయర్ అనే పల్లెటూళ్లో ఓ పాత బంగళాలో బౌరీ సొంత కాగితాలు బయటపడ్డాయి. ఉత్తరాలు, బిల్లులు, 1698లో హాలండ్ తిరిగినప్పటి డైరీ, మేరీ గాలీ అనే ఓడ 1704 నుంచి 1710 దాకా నడిచిన లెక్కలు. ఆ కాగితాల మీద 1927లో ఇంకో పుస్తకం వచ్చింది. అదీ టెంపులే చేశాడు. మన ఆసియా రాతప్రతి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ బంగళాకి ఈలోపు ఒక్కసారి నిప్పంటుకున్నా, ఆ రాతప్రతి కొన్న ఏదో ఒక తరంలో ఎవరైనా చిత్తుకాగితం అనుకున్నా, కథ మారిపోయేది. నరసాపురం ఓడ మేస్త్రీల గురించి మనం ఇవాళ చెప్పుకునే నాలుగు మంచి వాక్యాలు ఉండేవి కావు.

పోలిక కోసం ఇంకొకాయన్ని చూద్దాం. ఫ్రెంచి నౌకాదళ అధికారి. పేరు ఫ్రాంస్వా ఎడ్మండ్ పారిస్, ఇంటిపేరే పారిస్. 1806లో పుట్టాడు. మూడుసార్లు ఓడల మీద ప్రపంచం చుట్టాడు. ఎక్కడ ఓడ ఆగితే అక్కడ దిగి, స్థానిక పడవల్ని కొలతలు తీసి బొమ్మలు గీశాడు. మన కోరంగి దోనె కూడా ఆయన గీతల్లో ఉంది. యూరప్ బయటి జనాల ఓడ నిర్మాణం మీద ఆయన పుస్తకం 1840ల మొదట్లో వచ్చింది, 130కి పైగా ప్లేట్లతో. తర్వాత వైస్ అడ్మిరల్ అయ్యాడు. 1871 నుంచి పారిస్‌లో లూవ్ర్‌లో ఉన్న నౌకా మ్యూజియం చూసుకున్నాడు. అక్కడ కూర్చుని ఇంకా పెద్ద పని పెట్టుకున్నాడు. పాతవి, కొత్తవి, ఉన్నవి, పోయినవి, యుద్ధనౌకలతో సహా ఓడల ప్లాన్లన్నీ ఒకచోట చేర్చి సంపుటాలుగా వేయడం. ఐదు సంపుటాలు చూసుకుని 1893లో పోయాడు. ఆరోది 1908లో వచ్చింది. ఆయన పనీ ఆయన చేతుల్లో ముగియలేదు, కానీ వెనక మ్యూజియం ఉంది, నౌకాదళం ఉంది, ఆ పని అందుకునేవాళ్లున్నారు. బౌరీ వెనక ఎవరూ లేరు. ఒక పుస్తకం ఆలస్యం 15 ఏళ్లు, ఇంకోదాని ఆలస్యం 200 దాటింది. తేడా ప్రతిభలో ఉందని నేననుకోను.

ఇప్పుడు వాడియా పేరు దగ్గరకి వద్దాం. 1817లో బొంబాయి ఓడ కట్టిన మేస్త్రీ పేరు మనకి తెలుసు. ఎందుకంటే డాక్‌యార్డు ఉంది, రికార్డులు ఉన్నాయి, ఆ కుటుంబం తరతరాలుగా అదే పనిలో ఉండి తన చరిత్ర తాను దాచుకుంది. నరసాపురం మేస్త్రీల పేర్లేంటి? ప్రపంచంలో ఎవరికీ తీసిపోరన్న బౌరీ వాళ్లలో ఒక్కరి పేరూ రాయలేదు. ఓడ కొన్నవాళ్ల పేర్లు ఉంటాయి, ఓడ పేరు ఉంటుంది, కట్టినవాడి పేరు ఉండదు. బౌరీ మీద నాకున్న పెద్ద కోపం ఇదే. ఆయన్ని హీరోని చేయడం నా ఉద్దేశం కాదు కూడా. ఆయన వర్తకుడు, మన దేవుళ్ల గురించి, ఆచారాల గురించి రాసిన చోట్ల వెటకారం, అపోహలు బోలెడు. ఓడల దగ్గరకి వచ్చేసరికి మాత్రం కళ్లు శుభ్రంగా ఉన్నాయి. పుస్తకంలో ఏ పేజీని ఎంత నమ్మాలో మనమే చూసుకోవాలి.

మరి మనవాళ్లు ఎందుకు రాసుకోలేదు అని కామెంట్స్‌లో అడుగుతారు, నాకు తెలుసు. రాత ఎవరి చేతిలో ఉండేది, రంపం ఎవరి చేతిలో ఉండేది అన్నది ఓ జవాబు. ఇంకో జవాబు ఈ నేలే చెబుతుంది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకి సముద్రం బందరు మీదకి వచ్చింది. 30 వేల మంది దాకా చనిపోయారు. రేవు మళ్లీ మునుపటిలా లేవలేదు. 1977 నవంబరు 19న దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పక్క ఏ ఇంట్లో అడిగినా ఆ రాత్రి గురించి చెప్పేవాళ్లు ఒకరుంటారు. అధికారిక లెక్కల్లోనే 10 వేల మంది. మనుషులే మిగలని చోట తాత సొత్తు కాగితాలు, కొలతల కర్రలు, పాత పడవలు ఏం మిగులుతాయి? ఇంగ్లండు పల్లెటూరి బంగళాలో కాగితం 200 ఏళ్లు భద్రంగా ఉండటానికీ, హంసలదీవి దగ్గర గుడిసెలో ఉండటానికీ చాలా తేడా ఉంది.

ఈ ఎపిసోడ్ కోసం గిలకలదిండి హార్బర్‌కి వెళ్లాను. ఇప్పుడక్కడ ఎక్కువ ఫైబర్ బోట్లు, ఇంజన్లు. ఓ పక్కన చెక్క బోటు రిపేరు చేస్తున్న పెద్దాయన కనిపించాడు. ఆయన వీడియోలో పేరు వద్దన్నాడు కాబట్టి చెప్పను. "తాతా, దీనికి ప్లాన్ ఏమైనా ఉంటుందా, కాగితం మీద?" అని అడిగా. నా వంక ఓసారి చూసి, "కాగితం ఎందుకు బాబూ, తడిసిపోద్ది" అన్నాడు. మరి కొలతలు ఎలా అంటే, చేతిని చాచి మోచేయి నుంచి వేలి కొస దాకా చూపించాడు. పొడుగు ఇన్ని మూరలైతే వెడల్పు ఇన్ని అని వరసగా చెప్పుకుపోయాడు. ఆపి, మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అవే అంకెలు, ఒక్కటి కూడా తేడా లేదు. "మీ తర్వాత ఎవరికి వస్తుంది ఈ పని?" అంటే, "మా వాడు హైదరాబాద్‌లో కారు తోల్తాడు" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు, ఉలి తీసుకుని పనిలో పడ్డాడు.

ఆయన చెప్పినవి 14 నిమిషాల ఆడియో ఉంది. అంకెలన్నీ ఒక షీట్‌లో ఎక్కించా. మూర అంటే ఆయన మూర ఎంతో తెలియాలి కదా, అందుకని అడిగి ఆయన చేతిని కూడా టేపుతో కొలిచా. నవ్వాడు, కానీ కొలవనిచ్చాడు. ఎడిట్ చేయకుండా పూర్తి ఆడియో, ఆ షీటు లింకు కింద పెడుతున్నా. ఇందులో నేను పడవకి సంబంధించిన కొన్ని మాటలు సరిగ్గా విని ఉండకపోవచ్చు. దివిసీమ, బందరు వైపు వాళ్లు ఎవరైనా విని సరిచేస్తే షీట్‌లో మారుస్తా, మీ ఊరి పేరుతో సహా.

బౌరీని చదవాలనుకునేవాళ్లకి ఒక టిప్. 1905 పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్రీగా దొరుకుతుంది. సెర్చ్ బాక్సులో మచిలీపట్నం అని ఇప్పటి స్పెల్లింగుతో కొడితే ఆయన సొంత వాక్యాలు రావు. ఆయన మెచ్లిపటం అని పలికేలా రాస్తాడు, నిజాంపట్నాన్ని పెట్టిపోలీ అంటాడు, నరసాపురానికి చివర ఓ అక్షరం ఎక్కువ తగిలిస్తాడు. పాత ఇంగ్లీషు మొదటి పది పేజీలు చిరాకు పెడుతుంది. తర్వాత అలవాటైపోతుంది. కింద టెంపుల్ ఇచ్చిన ఫుట్‌నోట్లు వదలకండి, కొన్నిచోట్ల అసలు కంటే అవే బాగుంటాయి.

2023 మేలో బందరు కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. వచ్చే నెల ఆ సైటు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుదామని ఉంది. దానికంటే ముందు వచ్చే ఎపిసోడ్ కోరంగి, పారిస్ గారి దోనె బొమ్మ పట్టుకుని వెళ్తున్నా. అక్కడ చెక్క పడవలు కట్టేవాళ్లు, కట్టినవాళ్లు మీకు తెలిసినవాళ్లుంటే ఊరి పేరు కామెంట్ చేయండి. ఫోన్ నంబర్లు మాత్రం కామెంట్లో పెట్టకండి, మెయిల్ చేయండి. ఉంటానండి.